ఇరవై నాలుగో కడ్డీ

మార్చి 3, సోమవారం

మానవజాతి నన్ను క్షమించాలి. సైన్సు చరిత్ర మలుపు తిరగబోతుంటే దాన్ని రాయడానికి దొరికింది నాలాంటివాడు. రాయకపోతే భావితరాలు కుమిలిపోతాయని జాలిపడి పెన్ను పట్టాను.

మా కాలేజీ ట్రైనింగ్ అణు రియాక్టర్ మూతపడి రెండేళ్లు. శుక్రవారంలోగా లేవకపోతే శాశ్వతంగా సీల్ వేస్తారట. మా గైడ్ మేడం పదకొండేళ్లు దీనికే ధారపోసింది. కొత్త ఇంధనం ఇరవై నాలుగు కడ్డీలు చాలని ఆవిడ లెక్క. ముసలి ఆపరేటర్, అందరికీ పెద్దాయన, ఇది లేస్తే మీసం తీసేస్తానమ్మా అన్నాడు. పాపం, మంచి మీసం.

మార్చి 4

నాన్నది నగల కొట్టు. ఆయనకి అర్థమయ్యేలా చెప్పాను: బొగ్గులో ఒక పరమాణువు కాలితే వచ్చేది నాలుగు ఎలక్ట్రాన్ వోల్టులు. యురేనియం ఒకటి చీలితే ఇరవై కోట్లు. చీలిన ముక్కలన్నీ తూస్తే కాస్త తరుగు వస్తుంది, ఆ తరుగే శక్తి. మా కొట్లో తరుగంటే జనం కొట్లాటకొస్తారు, మీకు డిగ్రీలిస్తున్నార్రా అన్నాడు నాన్న.

మార్చి 5

లోపల చిన్న న్యూట్రాన్ సోర్స్ ఉంటుంది. కడ్డీలు పెట్టేకొద్దీ దాని న్యూట్రాన్లు కొత్తవాటిని పుట్టిస్తాయి, వాటిని లెక్కపెట్టే కౌంటర్‌లో లెక్క పెరగాలి. ఒకటిని ఆ లెక్కతో భాగించి గ్రాఫ్ గీస్తాం. గీత నేలను, అంటే సున్నాను, తాకిన చోట రియాక్టర్ తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. గీసే డ్యూటీ నాది.

ఇరవై కడ్డీలు పెట్టారు. గీత దిగనంటోంది. పొడిగిస్తే నలభై అంటోంది. ఉన్నవే ముప్పై.

మేడం స్కేలు లాక్కుని తనే గీసింది. మళ్లీ నలభై. పెద్దాయన మీసం దువ్వుకున్నాడు.

మార్చి 6, ఉదయం 7:10

బాత్రూంలోంచి టవల్ టవల్ అని గొంతు చించుకున్నాను. అమ్మ రాలేదు. మిక్సీ పక్కన నిలబడితే నీ అరుపులు ఎలా వినపడతాయిరా వెధవా అంది.

వినపడవు. వినపడవు!

7:25

తల తుడుచుకోకుండానే బస్సెక్కాను.

సాయంత్రం 6:00

కౌంటర్ సోర్స్‌కి ఆనుకుని ఉంది! ఆ హోరులో కడ్డీల్లో పుట్టిన న్యూట్రాన్లు దాని చెవికెక్కడం లేదు. చెప్పాను. మేడం నన్ను అదోలా చూసి, కడ్డీలన్నీ తీయించింది. పక్క ల్యాబ్ నుంచి పొడుగు కేబుల్ అరువు తెచ్చి కౌంటర్‌ని దూరం జరిపాం. మొదటి నుంచి మొదలు. ఈసారి గీత జారుడుబల్ల మీదలా జారింది. నేల తాకేది ఇరవై నాలుగు దగ్గర!

మార్చి 7, శుక్రవారం, 11:42

ఇరవై నాలుగో కడ్డీ దిగింది. చీలికను ఆపి ఉంచే కంట్రోల్ రాడ్లు అంగుళం అంగుళం పైకి. సోర్స్ బయటికి లాగేశారు. రియాక్టర్ లేవకపోతే లెక్క పడిపోవాలి.

పడలేదు!!

ఒకటి చీలి ఇంకోదాన్ని చీలుస్తూ, దానంతటదే నడుస్తోంది. అందరూ ఒకేసారి అరిచారు. మేడం ఏడుస్తూ కళ్లజోడు వెతుక్కుంది, అది నెత్తిమీదే ఉంది. సీల్ వేయడానికొచ్చిన ఇన్‌స్పెక్టర్ అనుమతి మీద సంతకం పెట్టాడు. పెద్దాయన నన్ను భుజానికెత్తుకుని, వీడు మనిషి కాదమ్మా, న్యూట్రాన్ల మేనమామ అని ప్రకటించాడు. నేను కాదనలేదు.

మార్చి 10

పెద్దాయన మీసం లేకుండా వచ్చాడు. గుర్తుపట్టక ఐడీ కార్డు అడిగాను.

మార్చి 11

మేడం నా టేబుల్ మీద కొత్త కేబుల్ చుట్ట పెట్టి వెళ్లింది. ఐదు మీటర్లు.

అవును. మొదట్లో కౌంటర్‌ని సోర్స్ పక్కన పెట్టింది నేనే. పాత కేబుల్ అక్కడిదాకే వచ్చింది.