అఖిల గుంజ

అఖిల నాయినా, ఎలా ఉన్నావు? నువ్వు పోయి పదకొండు నెలలైంది. మేమిద్దరం తింటున్నాం, ఉంటున్నాం. పొద్దున, సాయంత్రం మన బిడ్డ అఖిల కాళ్లు సాగదీస్తూనే ఉన్నాను.

ఆ నరాల జబ్బు పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. మహబూబ్‌నగర్ డాక్టరమ్మ పాత మాటే మళ్లీ చెప్పింది... దీనికి మందు లేదు, వ్యాయామం మానేస్తే ఉన్న కదలిక కూడా పోతుంది. నువ్వు అదే సంగతి బిడ్డకు నీ తీరుగా చెప్పేవాడివి. “కాళ్లు మర్చిపోతయి బిడ్డా. మనమే యాది చెయ్యాలె.”

బిడ్డ పట్టుకుని నిలబడాలని నువ్వు వాకిట్లో పాతిన గుంజ పొట్టిదైపోయింది. నువ్వు కొట్టిన అడ్డకర్ర ఇప్పుడు బిడ్డ నడుము దాకా కూడా రాదు. వంగి నిలబడుతుంది. వెన్ను వంకర పోతుందేమోనని నా భయం. ఎత్తు గుంజ పాతమని నువ్వున్నప్పుడే అడిగాను, గుర్తుందా? “వానలు పడనియ్యి, నేల మెత్తవడ్తది” అన్నావు. వానలు పడ్డాయి... నువ్వే లేవు. నేనే గడ్డపార పట్టాను. మన మొరం నేల సంగతి తెలుసు కదా. చేతులు బొబ్బలెక్కాయి, జానెడు కూడా దిగలేదు.

ఇక మీ అన్న ఘనకార్యం విను. నువ్వు పోయాక ఒక్కసారైనా బిడ్డ మడమ పట్టుకుని చూసినవాడు కాదు. చౌటుప్పల్‌లో ప్లాట్లు అమ్మే పెద్దమనిషికి తీరికెక్కడిది? మొన్న సూర్యగ్రహణం అనగానే దొరికింది. ఇద్దరు కూలీలను కారెక్కించుకుని తెల్లారేసరికి దిగాడు. గ్రహణం పట్టినంతసేపు బిడ్డను మెడదాకా మట్టిలో పూడిస్తే కాళ్లు వస్తాయట. ఎవరో చెప్పారట. నేను బిడ్డకు స్నానం చేయించి బయటికి ఎత్తుకొచ్చేసరికి గుంజ పక్కనే గుంట తవ్వించేశాడు.

మరి తన భుజం పట్టేసినప్పుడు గ్రహణం దాకా ఎందుకు ఆగలేదో? హైదరాబాద్ పోయి మరీ వ్యాయామం చేయించుకున్నాడు. ఆయన భుజానికి వ్యాయామం, నా బిడ్డకు గుంట. ఒకే కడుపున మీరిద్దరూ ఎలా పుట్టారు?

బిడ్డ గుంటను చూసి నా కొంగు పట్టుకుని వదల్లేదు. దాన్ని ఎత్తుకెళ్లి ఆ పొట్టి గుంజ దగ్గరే నిలబెట్టి, వెనక నేను నిలబడ్డాను. ముట్టుకుంటే చేతులు విరుస్తానన్నాను. బావగారన్న మర్యాద కూడా చూడలేదు. గ్రహణం పట్టినంతసేపు మా వ్యాయామం మేం చేసుకున్నాం. ఆయన నల్లద్దాలు పెట్టుకుని ఆకాశం చూస్తూ నిలబడ్డాడు, పాపం, ఎంత జ్ఞానమో. విడవగానే నాకు బుద్ధి లేదని ఊరంతా వినేలా చెప్పి, తన కాళ్లతో తాను నడిచి కారెక్కాడు.

గుంట పూడ్చకుండానే పోయాడు. ఈ ఇంటికి ఆయన చేసిన మేలు అదొక్కటే.

వేప గుంజ తెచ్చి అందులో నిలిపాను. రాళ్లు వేసి మట్టి తొక్కాను. బిడ్డ కూడా నా మెడ పట్టుకుని తనకు వచ్చినట్టు తొక్కింది. అడ్డకర్ర దాని ఛాతీ ఎత్తున కొట్టాను. ఈ పొద్దున వంగకుండా నిలబడింది... నీ అంత మొండిది.

నీ గుంజ పీకలేదు. దానికి ఆనుకుని కూర్చునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

బిడ్డ ఇంకా పెరుగుతుంది. ఈసారి వానల కోసం చూడను, గ్రహణాల కోసం అసలే చూడను. నేనే తవ్వుతాను.

నీ
అఖిల అమ్మ