కొత్తమావాస్య నాటి తాడు

నర్సీపట్నం,
20 మార్చి 2002.

సౌందర్యక్కకి,

నమస్కారాలూ క్షేమసమాచారాలూ చివర ఎక్కడైనా ఇరికిస్తాను. ముందు నా కోపం చదువు.

మీ అమ్మ పోర్ట్ బ్లెయిర్ నుంచి వస్తోందని తెలిసిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు. స్టాండులో మంచి సుమో మాట్లాడి పెట్టాను. తోలేది నేనే, పరాయివాడి చేతికి జోగులమ్మ పెద్దమ్మని ఇస్తానా? విశాఖపట్నంలో దిగగానే భీమిలి, అక్కడి నుంచి కిందికి అంతర్వేది దాకా, మళ్ళీ కాకినాడ, ఉప్పాడ మీదుగా సముద్రం పక్కనే వెనక్కి. ఉగాది శనివారం పొద్దున్నే తిరుగు విమానం. అంటే శుక్రవారం ఆఖరి రాత్రి. ఆ రాత్రి గురించి పెద్దమ్మ ఫోన్లో ఒక్కటే అడిగింది. "ఒరే ఎల్లాజీ, ఎక్కడెక్కడ తిప్పుతావో నీ ఇష్టం. ఆ రాత్రి మట్టుకు మా పాలెంలో పడుకోవాలిరా."

అదే, పాయకరావుపేట అవతల మీ అమ్మా మా అమ్మా పుట్టిన జాలరి పాలెం. ఆ పాలెం ఆవిడకి చేసింది నీకు సగమే తెలుసు, ఎందుకంటే పెద్దమ్మ సగమే చెబుతుంది. గొలుగొండలో వరి పండించుకునే ఇంటి కుర్రాడిని, మీ నాన్నని, పెళ్ళి చేసుకుందని కులపెద్దలు కూర్చుని తప్పు కట్టమన్నారు, జరిమానా అన్నమాట. "నేను తప్పు సెయ్యనేదు, కట్టను" అంది. వెలి వేశారు. నిప్పు లేదు, నీళ్ళు లేవు, పలకరింపు లేదు. ఆవిడ ముట్టుకుందని ఒకావిడ నిండుబిందె బావి గట్టుకేసి కొట్టిందట. సొంత అన్న మంగరాజు మావయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నువ్వు కడుపులో ఉండగా ఓడెక్కి అండమాన్ పోయారు. ఆ తరవాత మీ నాన్న పోయినా, ఇక్కడ ఆవిడ పక్షాన నిలబడ్డ మా అమ్మ పోయినా ఆ పాలెం నుంచి మీకొక్క మాట పోలేదు, మాకొక్క మాట రాలేదు. నీ పెళ్ళిలో బుట్టలో నిన్ను మోసుకొచ్చింది మేనమామ కాదు, మీ పక్కింటి గంగులు గారు. ఆ ఫొటో మా ఇంట్లో ఉంది. అందరూ బుట్ట వైపు చూస్తున్నారు, మీ అమ్మ ఒక్కతే గోడ వైపు చూస్తోంది. అది చూసినప్పుడల్లా నా ఒళ్ళు మండిపోతుంది.

ఇప్పుడు ఆ మావయ్యే పాలేనికి పెద్ద. చేపలమ్మే సీతాలు ఆ పాలెం నుంచే రోజూ బస్సులో మా బజారుకి వస్తుంది కదా, ఆవిడ చేత కబురు పంపాను. ‘మా పెద్దమ్మ వస్తుంది, ఒక రాత్రి ఉంటుంది, ఎవడడ్డొస్తాడో చూస్తాను’ అని, ఏ రోజో చెప్పకుండానే. సీతాలు ఇవాళ జవాబు తెచ్చింది.

"మీ మావ సెప్పమన్నాడు బాబూ. శుక్కురారమే రమ్మన్నాడు. పొద్దుగూకకముందే వొచ్చీయాల. పొద్దుగూకితే మరి రానివ్వరు."

"అంటే? గడియారం పెట్టి మరీ రానిస్తారా?"

"ఓలమ్మ, నామీద అరుస్తావేటి? ఆ రోజు కొత్తమావాస్య, గంగమ్మ పండగ. ఊరు కట్టీస్తారు గదా."

నీకు తెలియదేమో, కొత్తమావాస్య అంటే ఉగాది ముందటి అమావాస్య, ఊరు కట్టడమంటే పొలిమేర దగ్గర దారికి అడ్డంగా వేపమండల తాడు కట్టడం. పొద్దుగూకాక కడితే మర్నాడు పొద్దు పొడిచాకే విప్పుతారు. మధ్యలో లోపలివాడు బయటికి పోకూడదు, బయటివాడు లోపలికి రాకూడదు. అర్థమైందా అక్కా ఎత్తు? ఏడాదిలో ఇన్ని రోజులుండగా, ఆవిడ పారిపోవడానికి వీల్లేని ఆ ఒక్క రాత్రే రమ్మంటున్నారు. లోపల వేసి, తాడు కట్టి, ఊరందరి ముందూ నిలబెట్టి ఆ పాత తప్పు కక్కిస్తారు. తెల్లారాక వదిలితే విమానమూ అందదు! ఇలాంటి పెద్దమనుషుల గురించి నేను చదివిన ఎనిమిది పేజీల పుస్తకంలో ఒక మాట ఉంది: పెత్తనానికి తొడిగిన చొక్కా పేరే ఆచారం. ఆ చొక్కా నేను చింపుతాను.

పాలెం వద్దు. శుక్రవారం రాత్రికి విశాఖపట్నం బీచి ఎదురుగా లాడ్జిలో గది చెప్పేశాను. కిటికీ తీస్తే సముద్రమే. సముద్రం ఏ కులపెద్దదీ కాదు. పెద్దమ్మకి నేను నచ్చజెబుతాను. నువ్వు మట్టుకు ఏమీ అనకు.

క్షేమం. నమస్కారం.
ఒళ్ళు మండుతున్న నీ తమ్ముడు,
ఎల్లాజీ


కాకినాడ,
10 ఏప్రిల్ 2002.

అక్కా,

మీ అమ్మతో వేగడం నీకెలా కుదిరింది?

అంతర్వేదిలో గంటసేపు ఒడ్డున నిలబడి "మా నీలం వేరు, ఈ నీలం వేరు" అంది. మీ అండమాన్ సముద్రం సంగతి అనుకున్నాను. కాదట, పాలెం సముద్రం సంగతట. దారి పొడుగునా ప్రతి రేవులోనూ చేపల బేరమే. కొనదు. మొప్పలు ఎత్తి చూసి, "నిన్నటిది, నాకు అంటగడతావేటి" అని తిట్టి కారెక్కుతుంది. నా డ్రైవింగ్ మీద కూడా అదే రకం తీర్పు.

లాడ్జి సంగతి చెప్పాను. కబురు కూడా ఉన్నదున్నట్టు చెప్పాను, నేను మోసగాణ్ణి కాదు. "శుక్కురారమే అన్నాడా? పొద్దుగూకకముందే అన్నాడా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. అవునన్నాను. అంతే, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఎంత అవమానం! ఆవిడకి ధైర్యం వస్తుందని నా పుస్తకం తీసి వెలివేతల మీద రాసిన పేజీ గట్టిగా చదివాను. అంతా విని, కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"ఇది రాసినోడు ఎప్పుడైనా వెలిలో ఉన్నాడేట్రా?"

"ఉండక్కర్లేదు పెద్దమ్మా. అన్యాయం ఎవరికి జరిగినా అన్యాయమే."

"అదీ నిజమేలే" అని నా నెత్తి మీద చెయ్యి వేసింది. నాకు మాత్రం మొట్టికాయ పడినట్టే ఉంది.

ఎల్లుండి రాత్రి లాడ్జి. శనివారం విమానం. ఉగాది పచ్చడి నీకు మీ అమ్మే కలిపి పెడుతుంది, ఇది నా మాట.

తమ్ముడు,
ఎల్లాజీ


నర్సీపట్నం,
15 ఏప్రిల్ 2002.

ఫోను మొహాన పెట్టేసిన సౌందర్యక్కకి,

మంచిది. నాకూ కోపం వచ్చింది. "అమ్మ విమానం తప్పింది" అనగానే "అంత చేతకాని వాడివి ఎందుకు తలకెత్తుకున్నావు" అంటావా? ఎస్టీడీ బూత్‌లో అందరూ వింటుండగా? పూర్తిగా చెప్పనిస్తే కదా! ఇప్పుడు చదువు. కాగితాన్ని మధ్యలో పెట్టేయలేవు.

శుక్రవారం సాయంత్రం పాయకరావుపేటలో టీకి ఆపాను. మీ అమ్మ టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఒరే, బండి సముద్రం వేపు తిప్పు" అంది.

"పెద్దమ్మా, కట్టేస్తారు!"

"కట్టీనీ."

"విమానం?"

"నువ్వు తిప్పుతావా, నన్ను నడవమంటావా?"

తిప్పాను. ఏం చెయ్యను? పొలిమేరకి కొంచెం ఇవతల బండి ఆపేసి, నేను మాత్రం లోపలికి రానని చెప్పాను. తాళ్ళకీ మండలకీ తల వంచే రకం కాదు నేను. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడుచుకుంటూ పోయింది. మోకాళ్ళ నొప్పి కదా, ఆగి ఆగి.

అక్కడ మావయ్య నిలబడి ఉన్నాడు. తాడు ఒక కొస తాటిచెట్టుకి కట్టేసి ఉంది, రెండో కొస ఆయన చేతిలో ఉంది. వెనకాల ఊరంతా. డప్పులు ఆగిపోయాయి. పొద్దు ఎప్పుడో గూకింది, ఆకాశం బూడిద రంగుకి తిరిగింది.

"మంగరాజూ, పొద్దుగూకీసింది, కట్టీ!" అని ఎవరో అరిచారు.

"ఇంకా గూకనేదు" అన్నాడు మావయ్య.

"కళ్ళు గాని పోయాయేటి?"

"నా కంటికి కనబడతన్నాడు సూరీడు. పెద్దనైతే నేను సెప్పిందే పొద్దు. నోర్ముయ్యండి."

మీ అమ్మ ఆగింది, ఊపిరి తీసుకుంది, మళ్ళీ నడిచింది. ఆయన కొస పట్టుకుని అలాగే ఉన్నాడు. ఆవిడ దాటింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అప్పుడు నా వైపు చూసి కేకేశాడు: "ఒరే గుంటడా, నువ్వు లోపలా బయటా? బేగి తేల్చు, సూరీడు ఎంతసేపుంటాడు!"

లోపల ఆవిడని ఒంటరిగా వదిలేస్తానా? పరిగెత్తాను. నా వెనక తాడు బిగిసింది.

ఇక పంచాయితీ కూర్చుంటారని పిడికిళ్ళు బిగించుకుని ఉన్నాను. నా ఉపన్యాసం సిద్ధం. ఎవరూ కూర్చోలేదు. అమ్మవారి ఘటం ఇల్లిల్లూ తిరిగి మావయ్య వాకిట్లోకి వచ్చింది, వెనకాలే ఇంటికో గిన్నె. ఆ రాత్రి తాడు లోపలున్న మనిషికి ప్రతి ఇల్లూ ఇంత పెట్టాలట, అది అక్కడి కట్టుబాటు. సోమలమ్మ అని ఒక ముసలావిడ, ఆ రోజు బిందె పగలగొట్టింది ఈవిడేనట, చేపల పులుసు తెచ్చి మీ అమ్మ ఆకులో వేసింది. "ఉప్పు సూడవే జోగీ" అంది. మీ అమ్మ తిని, "సరిపోయింది" అంది.

సరిపోయిందట! నాకు ఆగలేదు అక్కా. లేచి అరిచాను. "ఇన్నేళ్ళ తరవాత ఉప్పు సంగతేనా? తప్పు మాది అని ఒక్కరి నోటైనా రాదా?" అందరూ తల దించుకున్నారు. ఎవరూ అనలేదు. ఇప్పటికీ అనలేదు. అది నేను క్షమించలేదు, రాసిపెట్టుకో.

మావయ్య నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "వేరే ఏ రోజొచ్చినా పెద్దలు కూకోవాల. తప్పు కట్టమనాల. అది కట్టను అంటాది. నా సెల్లి నాకు తెల్దేటి? మళ్ళీ పంపీయాల. ఇయాల తాడు లోపలున్నోళ్ళంతా అమ్మోరి పిల్లలే. తీర్పులుండవు. ఒక్క పాలి ఇంటింటి కూడూ తిన్నాక మరి వెలేటి?"

"ఈ ఉపాయం ఇన్నేళ్ళూ లేదా? ప్రతి ఏడాదీ అమావాస్య వస్తుంది కదా మావయ్యా?"

"రమ్మని ఏ మొకంతో కబురెట్టనురా? నువ్వు తిట్టి పంపినావు గనక దొరికింది సందు."

పోయి తాడు దగ్గర కూర్చున్నాను. నా తిట్టే ఆయనకి సందు కావడం కూడా నాకు కోపమే.

తెల్లవారుతుందనగా మావయ్య కత్తి పట్టుకుని పొలిమేర దగ్గరికి వచ్చాడు. పొద్దు పొడవలేదు. "బండి తియ్. ఇప్పుడు తెంపితే ఇమానం అందుద్ది. ఊరేటన్నా నేను పడతాను." ఇంకో పెద్దాయన అడ్డం పడ్డాడు, ఈయన తోసేశాడు. రాత్రంతా నేను తెంపుదామని చూసిన తాడు! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అప్పుడే మండిపోయింది కూడా. విమానం కోసం తెగే తాడు, ఆనాడు చెల్లెలి కోసం తెగలేదే!

అంతలో మీ అమ్మ వచ్చింది.

"తెంపకు అన్నా."

"పిల్ల ఎదురుసూస్తాది కదే!"

"నా ఒక్కదానికోసం తెంపితే, మళ్ళీ నేనొక్కదాన్నే బయటికి పోయినట్టు. ఒకపాలి అలా పోయాను, చాలు. ఊరంతా ఎప్పుడు దాటితే అప్పుడే దాటతాను" అని ఇసకలో కూలబడింది.

కత్తి పట్టిన మావయ్య చెయ్యి ఇంకా తాడు మీదే ఉంది. ఆ చేతిలోంచి కత్తి తీసుకున్నది నేనే అక్కా. తీసుకుని, తాడు తెంపలేదు. ఇసకలో పాతేశాను. నా పుస్తకాల్లో దీనికి ఏం రాసుంటుందో వెతకలేదు, వెతకను కూడా.

పొద్దు పొడిచింది. తాడు విప్పారు. పిల్లలు ముందు పరిగెత్తారు, తరవాత బుట్టలతో ఆడవాళ్ళు, వాళ్ళ మధ్యలో మీ అమ్మ, మెల్లగా, సోమలమ్మ భుజం పట్టుకుని. మేం విశాఖపట్నం చేరకముందే మీ అమ్మ విమానం పోయింది.

కాబట్టి చేతకానితనం నాది కాదు. టిక్కెట్టు మార్చాను, శుక్రవారానికి. ఒకటి కాదు, రెండు. మావయ్య కూడా వస్తున్నాడు. పెద్దమ్మ ఎంత మొత్తుకున్నా వినకుండా పెళ్ళిబుట్ట అల్లుతున్నాడు. "అన్నా, దానికి పెళ్ళై నాలుగేళ్ళు, మొగుడున్నాడు, ఎక్కడ కూకుంటాది" అంటే, "అదెంత బరువుంటే నీకేటి, మోసేది నేను" అంటున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి!

నువ్వు క్షమిస్తావో, బుట్టలో కూర్చోకుండా మొహం మీదే తలుపు వేస్తావో నీ ఇష్టం. వేసినా నేను నీ పక్షమే. కానీ అంత పెద్ద బుట్టని విమానం ఎక్కనిస్తారో లేదో కనుక్కుని బేగి ఫోను చెయ్యి. ఈసారి పెట్టేయకు.

నీ తమ్ముడు,
ఎల్లాజీ