అక్క మాటల ఫోల్డర్

జూన్ 3, మంగళవారం

మబ్బు. గాలి లేదు. పొద్దున వంటింటి కుళాయికి వాషర్ మార్చాను. కారడం ఆగింది.

టాబ్లెట్ పాడైంది. కంపెనీ బొమ్మ వస్తుంది, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, తెర ఆరిపోతుంది, మళ్లీ కంపెనీ బొమ్మ. పొద్దుటి నుంచి ఇదే తంతు.

అక్కకి నోరు అదే. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట పోయాయి. బుద్ధి మాత్రం కత్తిలా ఉంది. అన్నీ అర్థమవుతాయి, తిరిగి చెప్పడానికి మాట దొరకదు. తెర మీద ఫొటో నొక్కితే టాబ్లెట్ ఆ మాట పలుకుతుంది. నీళ్లు, మాత్ర, నొప్పి, లైటు తీయి, చాలు. మొత్తం మూడు వందల నలభై మూడు. ఫొటోలన్నీ బావ తీశాడు, అన్నిటికీ గొంతు తనే ఇచ్చాడు. పెళ్లయిన ఇన్నాళ్లకి మీ అక్క నా మాట మాట్లాడుతోందిరా అని వచ్చినవాళ్లందరి ముందూ అంటాడు. అక్క వెంటనే ‘చాలు’ నొక్కుతుంది. అదీ బావ గొంతే.

ఇక్కడ ఒకటి రాయాలి. ఇంకెక్కడా చెప్పలేను.

పాడుచేసింది నేను. నెల రోజులుగా మూలన అప్‌డేట్ అని ఒక చీటీ లేస్తోంది. అక్క వేలు దాని మీద పడి విసుక్కుంటోంది. పొద్దున బావ స్నానంలో ఉండగా ‘ఇప్పుడే’ అన్నది నొక్కాను. అరవై శాతం దాటాక తెర నల్లబడింది. ఇరుక్కుందనుకున్నాను. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాను. కుట్టు మిషన్ ఇరుక్కుంటే ముందు కరెంటు తీయాలి, తర్వాతే ఏదైనా. ముప్పై ఏళ్ల రిపేరు పనిలో చెయ్యికి వచ్చిన అలవాటు. బుర్ర కంటే చెయ్యి ముందు వెళ్లింది.

బావ తనే పాడుచేశాననుకుంటున్నాడు. రాత్రంతా ఛార్జర్‌కి వదిలేశానని తలకొట్టుకున్నాడు. నేనేమీ అనలేదు.

అక్క చూసింది. నా ఎదురుగానే కూర్చుని ఉంది.

జూన్ 4, బుధవారం

ఉక్క. మధ్యాహ్నం షాపు మూసి కంప్యూటర్ రిపేర్లాయన దగ్గరికి వెళ్లాను. కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని వాటి కోసమే వెతుక్కునే మనిషి. దీని ఓఎస్, అంటే నడిపించే ప్రోగ్రాం, పోయింది, యూఎస్‌బీ నుంచి కొత్తది ఎక్కించాలి, ఎక్కిస్తే లోపల ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, వారం పడుతుంది, వదిలి వెళ్లండి అన్నాడు.

లోపల ఉన్నది ఇంకెక్కడైనా ఉందా అని అడిగాడు. బావ ఫొటోలు దీనితోనే తీశాడు, దీనిలోనే మాట్లాడాడు. ఎక్కడా లేదు.

వదల్లేదు. చేతుల్లో పట్టుకుని తిరిగి వచ్చాను. దీనికి విప్పడానికి ఒక్క మర కూడా లేదు.

జూన్ 5, గురువారం

అక్క స్పూనుతో బల్ల మీద కొట్టింది. ఏం కావాలో తెలుసుకోవడానికి మా ఇద్దరికీ ఇరవై నిమిషాలు పట్టింది. ఫ్యాను తగ్గించాలట.

జూన్ 6, శుక్రవారం

చినుకులు. మూడు మిషన్లకి నూనె పోశాను, ఒకదానికి బాబిన్ కేస్ మార్చాను.

బావ పెద్ద అట్ట మీద స్కెచ్ పెన్నుతో బొమ్మలు వేశాడు. గ్లాసు, మాత్ర, మంచం, తలుపు. గ్లాసు బకెట్‌లా ఉంది. మంచం చచ్చిన గొడ్డులా నాలుగు కాళ్లూ చాపి ఉంది. అక్క అట్టని కాసేపు చూసి తిరగేసి బల్ల మీద బోర్లా పెట్టింది. నా కళకి విలువ లేదీ ఇంట్లో అన్నాడు బావ. ఎవరూ నవ్వలేదు. తర్వాత వరండాలోకి వచ్చి, నిన్నటి నుంచి దేనికీ చెయ్యి చాపడం లేదురా, అడగడం మానేస్తోంది అన్నాడు. చప్పున లోపలికి వెళ్లిపోయాడు.

కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఓఎస్‌ను పెన్‌డ్రైవ్‌లోకి దింపుకోవచ్చని చదివాను. నేను మిషన్లు బాగుచేసే గార్మెంట్ యూనిట్ ఆఫీసులో కంప్యూటర్ ఉంది. క్లర్కుని అడిగాను. మీరు ఒకటి అడగడం ఇదే మొదటిసారి అని కుర్చీ ఖాళీ చేశాడు. రెండున్నర గంటలు పట్టింది.

సాయంత్రం 6.15

వాల్యూమ్ తగ్గించే బటన్ నొక్కి పట్టుకుని పవర్ నొక్కి వదలాలి. నాలుగోసారికి పెన్‌డ్రైవ్‌ను గుర్తుపట్టింది. నీలం తెర వచ్చింది. భాష ఎంచుకో అంది.

వేలు పెట్టాను. కదలదు. టచ్ పనిచేయాలంటే ఓఎస్ ఉండాలి, ఓఎస్ ఎక్కాలంటే టచ్ పనిచేయాలి. ఎంటర్ ఒక్కటి నొక్కితే చాలు. కీబోర్డు పోయినేడాదే విరిగింది, ఆమెకెందుకని పారేశాం. వేరే కీబోర్డు పెడదామంటే టాబ్లెట్‌కి ఉన్నది ఒక్కటే రంధ్రం. అందులో పెన్‌డ్రైవ్ ఉంది. ఛార్జింగూ అందులోంచే.

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

జూన్ 7, శనివారం

మళ్లీ కళ్లద్దాలాయన దగ్గరికి. ఒక తోక, మూడు నోళ్లు ఉన్న వైరు ఇచ్చాడు, ఒక పాత మౌస్ కూడా. పెన్‌డ్రైవ్ ఒక నోట్లో, మౌస్ ఇంకో నోట్లో. కానీ ఇది పెడితే ఛార్జింగ్ ఎక్కదు, నిండుగా ఎక్కించి మొదలుపెట్టండి, మధ్యలో చచ్చిందా ఇక నా దగ్గరికి కూడా తేవద్దు అన్నాడు.

డబ్బులిచ్చి గుమ్మం దాకా వచ్చాను. ఆగి, అందులో ఉన్నవి మా అక్క మాటలు అన్నాను.

కళ్లద్దాలు నెత్తి మీద నుంచి దించాడు. స్టూలు లాగి కూర్చోమన్నాడు. తుడిచే ముందు ఒక దొంగదారి ఉందన్నాడు. రిపేరు పేజీలో పాత ఇమేజ్ నుంచి తెచ్చుకో అన్నది నొక్కాలి. ఇమేజ్, అంటే టాబ్లెట్ నకలు, లేదని అరుస్తుంది, అరవనివ్వాలి. అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి డ్రైవర్ ఇన్‌స్టాల్ అనాలి. డ్రైవర్, అంటే టాబ్లెట్ భాగాల్ని నడిపే ఫైలు, ఎక్కడుందో చూపించమని ఒక విండో తెరుస్తుంది. ఆ విండోలో టాబ్లెట్ మొత్తం కనిపిస్తుంది. మౌస్ కుడి బటన్ నొక్కితే కాపీ, ఇంకో పెన్‌డ్రైవ్ మీద పేస్ట్. కీబోర్డు అక్కర్లేదు. ఇది ఎవరికీ చెప్పను, చెప్తే నా షాపుకి ఎవరొస్తారు అని నవ్వాడు.

చీటీ మీద రాసుకున్నాను. రాత్రంతా ఛార్జింగ్‌కి పెడతాను. ఈసారి నేను.

జూన్ 8, ఆదివారం, 10.20

ఎండ. దీపం ఆకుపచ్చ అయింది, నిండినట్టే. ఇక్కడి నుంచి బ్యాటరీ ఎంత ఉందో చూపించదు. గడియారం ముందు పెట్టుకున్నాను.

10.50

దొంగదారి దొరికింది. ‘మాటలు’ అన్న ఫోల్డర్ కనిపించింది. పేరు బావ పెట్టిందే. తెరిచాను.

ఖాళీ.

మూసి మళ్లీ తెరిచాను. ఏమీ లేదు. ఒక్క ఫొటో లేదు, ఒక్క మాట లేదు. నేను పవర్ తీసిన క్షణంలోనే పోయి ఉంటాయి.

అయినా ఫోల్డర్‌ను రెండో పెన్‌డ్రైవ్ మీదికి కాపీకి పెట్టాను. ఎందుకో తెలియదు. ఖాళీ డబ్బాలు కూడా పారేయని మనిషిని.

11.15

కాపీ అయింది. ఆ పెన్‌డ్రైవ్ కూడా తెరిచి చూశాను. అక్కడా ఖాళీ ఫోల్డరే. బావ తలుపు దగ్గర నిలబడి ఏమైందిరా అన్నాడు. లేవు బావా అన్నాను. చాలాసేపు గోడ పట్టుకుని ఉన్నాడు. పాపిష్టి ఛార్జర్, రెండు రోజుల ముందే బుద్ధి చూపించింది, వేడెక్కుతుంటే చూసి ఊరుకున్నానురా అన్నాడు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. మౌస్ వైరు చుట్టాను, విప్పాను.

ఇక మిగిలింది తుడిచేసి కొత్తగా ఎక్కించడమే. అన్నీ తీసివేయి అన్న బటన్ దగ్గరికి బాణం తీసుకెళ్లాను. మళ్లీ మూలకి తెచ్చాను. మళ్లీ తీసుకెళ్లాను.

11.40

నొక్కలేదు. టాబ్లెట్ ఆపేశాను. ఒక లెక్క తేలడం లేదు. కాపీ అవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఖాళీ గిన్నె కడగడానికి ఎవరికీ పదకొండు నిమిషాలు పట్టదు.

గార్మెంట్ ఆఫీసు ఇవాళ సెలవు. కళ్లద్దాలాయన షాపు దాకా నడిచాను, అదీ మూసి ఉంది. ఇంటికొచ్చి మళ్లీ బయటికి వెళ్లాను. కాలు కాలిన పిల్లిలా ఏంట్రా ఆ తిరగడం అన్నాడు బావ. అక్క ఏమీ అడగలేదు. అసలు దేన్నీ అడగలేదు ఇవాళ.

జూన్ 9, సోమవారం

క్లర్కు కంటే ముందే ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. పెన్‌డ్రైవ్ పెట్టి ‘మాటలు’ తెరిచాను.

ఆరు వందల ఎనభై ఏడు.

ఫొటోలు మూడు వందల నలభై మూడు, గొంతులు మూడు వందల నలభై మూడు, ఒక జాబితా. ఒకటి నొక్కాను. ఆఫీసంతా వినపడేలా బావ, నడుం నొప్పిగా ఉంది అన్నాడు. క్లర్కు ఉలిక్కిపడి మీకా అన్నాడు. నిన్నటి విండో డ్రైవర్ల కోసం తెరుచుకున్నది. డ్రైవర్లు తప్ప ఇంకే ఫైలూ చూపించదట, క్లర్కు చెప్పాడు. ఉన్నవన్నీ అక్కడే ఉన్నాయి, నాకే కనిపించలేదు.

ఇంకో రెండు పెన్‌డ్రైవ్‌ల మీదికి కూడా కాపీ చేశాను. నొక్కబోయి ఆగిన ఆ బటన్ గుర్తొచ్చి మళ్లీ మెట్ల మీద కూర్చున్నాను.

సాయంత్రం 4.10

మళ్లీ నిండుగా ఛార్జింగ్ ఎక్కించి మొదలుపెట్టాను. అన్నీ తీసివేయి నొక్కాను. బావకి మాటలు దొరికాయని చెప్పాను. అక్క కుర్చీ ఇటు తిప్పమని చేత్తో చూపించింది. ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. బావ ఊరికే ఉండలేడు కదా, వంగి వంగి చూసి, నాలుగు శాతమా, మన కరెంటాఫీసులో కూడా ఇంతకంటే త్వరగా పనవుతుంది అంటున్నాడు.

రాత్రి రాస్తున్నది

అరవై నాలుగు శాతం దగ్గర తెర నల్లబడింది.

ఒక నిమిషం. రెండు. బ్యాటరీ అయిపోయిందా, ఇరుక్కుందా తెలియదు. నా కుడిచెయ్యి బటన్ మీదికి వెళ్లింది. నేను పంపలేదు, అదే వెళ్లింది. వెనక్కి తీసుకుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అలా ఎందుకు కూర్చున్నావురా, చలేస్తోందా అన్నాడు బావ.

అప్పుడు చెప్పాను. అప్‌డేట్ నొక్కింది నేను, ఇలాగే నల్లబడితే ఆపేసింది నేను, నీ ఛార్జర్ కాదు అన్నాను. తెర వైపు చూస్తూ చెప్పాను.

బావ మాట్లాడలేదు. బావ మాట్లాడకపోవడం ఈ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. తర్వాత, వారం రోజులుగా ఆ ఛార్జర్‌ని అమ్మనా బూతులు తిడుతున్నానురా, దాని ఉసురు నీకే తగులుతుంది అన్నాడు. లేచి వెళ్లి కుళాయి తిప్పి మొహం కడుక్కుని వచ్చాడు.

అక్క ఎడమచేత్తో బల్ల మీద రెండుసార్లు కొట్టింది. నన్నే చూస్తోంది. ఆమెకి ఇది కొత్త సంగతి కాదు. వారం రోజులుగా తెలిసి, చెప్పడానికి నోరు లేక కూర్చుంది.

తొమ్మిది నిమిషాలకి తెర వెలిగింది. అరవై ఐదు. 5.50కి పూర్తయింది. టచ్ పనిచేసింది. ఫొటో నొక్కితే మాట పలికే ప్రోగ్రాం మళ్లీ దింపుకుని ఫోల్డర్ దాంట్లో పెట్టాను.

జూన్ 10, మంగళవారం

గాలివాన, గంటలో తగ్గింది.

అక్క పొద్దున టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పింది. నీళ్లు అడగలేదు, మాత్ర అడగలేదు. మూడు వందల నలభై మూడూ చివరిదాకా చూసి, మళ్లీ మొదటికి వచ్చి, తల అడ్డంగా ఊపింది. నన్ను చూపించింది. ఖాళీ గడిని చూపించింది. మైకు గుర్తుని చూపించింది.

బావకి ముందు అర్థమైంది. ఒరేయ్, నిన్ను తిట్టడానికి దీనిలో ఒక్క ముక్క లేదురా అన్నాడు. ఆలోచిస్తే నిజమే. అన్నీ రోగి మాటలే పెట్టాం. నీళ్లు, నొప్పి, చాలు. ఈ మనిషి పూర్వం వీధి చివరి దాకా వినపడేలా నన్ను కేకలేసేది.

బావ నా ఫొటో తీశాడు. గొంతు మాత్రం ఇవ్వనన్నాడు. మీ అక్కాతమ్ముళ్ల మధ్య నేనెందుకు తిట్లు తినాలి, నువ్వే తిట్టుకో అన్నాడు.

మైకు దగ్గర కూర్చున్నాను. బుద్ధి ఉందా అన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది. వెధవా అన్నాను. అడ్డంగా. గట్టిగా అను, చావు కబురు చెప్పినట్టు అంటావేంట్రా అన్నాడు బావ. మైకు వైపు తిరిగి, చెప్పొచ్చు కదా అన్నాను. అక్క కొంచెం ఆలోచించి, అదీ కాదని తలూపింది. ఇలా ఏడెనిమిది. చివరికి, నోట్లో నాలుక లేదురా నీకు అన్నాను. అక్క బల్ల మీద కొట్టింది. అదే.

గట్టిగా రావడానికి ఆరుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఇన్ని మాటలు ఒక్క రోజులో ఎప్పుడు మాట్లాడానో గుర్తులేదు. గొంతు బొంగురుపోయింది.

ఈ సాయంత్రమే పద్నాలుగుసార్లు నొక్కింది. బావకి కూడా రెండు పడ్డాయి.

జూన్ 12, గురువారం

తెరిపి ఇచ్చింది. రెండు మిషన్లు డెలివరీ. ఒకదానికి బెల్టు వేశాను. ఇంటికొచ్చి వరండా కిటికీకి—

నన్ను నేనే పిలుస్తున్నాను. పక్క గదిలోంచి, నా గొంతుతో, గట్టిగా, నోట్లో నాలుక లేదురా నీకు అని. ఇది మూడోసారి. ఇవాళ నేనేమీ దాచలేదు. వస్తున్నానక్కా అని పైకే అన్నాను. మళ్లీ నొక్కింది. కిటికీకి గొళ్లెం—