టాస్క్‌బార్ కింద దాక్కున్న బటన్

మామా, నువ్వు పోయి ఏడాదైనా నిన్ను ఒక స్క్రీన్ తగాదాలోకి ఈడుస్తున్నందుకు పద్నాలుగు లోకాల సాక్షిగా క్షమాపణ వేడుకుంటున్నాను.

మన మార్కాపురం డీటీపీ దుకాణంలో, నీ కంప్యూటర్‌లోనే, ఒంగోలు నుంచి వచ్చిన ఒక మహామేధావి పెళ్లిపత్రికలు చేసే కొత్త ప్రోగ్రాం పెట్టాడు. దాని విండో స్క్రీన్ మొత్తం తనదే అనుకుని తెరుచుకుంది. స్క్రీన్ అడుగున పరుచుకున్న టాస్క్‌బార్ పట్టీ ఆక్రమించింది పోగా ఎంత చోటు మిగిలిందో చూసుకోవాలన్న ఇంగితం దానికీ లేదు, రాసిన ఘనుడికీ లేదు. అడుగునున్న సేవ్ బటన్ టాస్క్‌బార్ కింద సమాధి అయింది. చేసిన పత్రికను దాచుకునే దారి లేదు.

"మానిటర్ పాతదమ్మా, పారేసి పెద్దది కొనండి" అని మేధావి తీర్పిచ్చాడు.

నీ తర్వాత దుకాణం నడుపుతున్న అత్త ఊరుకుంటుందా? "ఏంది నాయనా, చాప పెద్దదైతే ఇల్లు పడగొట్టమంటావా? మా ఆయన ఇన్నేండ్లు దీని మీదనే పత్రికలు చేసినాడు!"

"అప్‌డేట్ వస్తుందిలే" అని సెలవిచ్చి ఆయన బస్సెక్కాడు.

నేను టాస్క్‌బార్‌ను ఎడమ అంచుకు, నువ్వెప్పుడూ ఉంచిన చోటుకే, జరిపాను. బటన్ బయటపడింది. "ఇంజనీరంటే నువ్వేరా అల్లుడా!" అని అత్త మురిసిపోయింది.

ఆమెకు చెప్పనిది నీకు చెబుతున్నాను. నీ పదకొండో రోజున, నువ్వుంచిన ఆ ఎడమ పక్కన టాస్క్‌బార్‌ను చూడలేక, కిందికి దించింది నేనే.