కల్వర్టు మలుపులో మా మెస్సు గుర్తు

నల్లగట్టుపాలెం,
తేది: 27-10-2025, సోమవారం.

పల్నాడు జిల్లా పోలీసు సూపరింటెండెంటు గారి సముఖమునకు,
నరసరావుపేట.

అయ్యా,

విషయం: నా కుమారుడు చి. శ్రీహరి సెల్‌ఫోను కేసు సామానులో ఉన్నందున, అందులోని సిమ్ కార్డును పది నిమిషములు బయటకు తీయించి, ఫోను మ్యాపులో తప్పుచోట ఉన్న మా మెస్సు గుర్తును తొలగించుకొనుటకు అనుమతి కోరుట గురించి.

కోటేశ్వరమ్మ అను నేను, వయసు 51, భర్త లేడు, అయిదో తరగతి వరకు చదువుకొన్నదానను, తమరికి మనవి చేసుకొనునది. ఇది నా మూడో అర్జీ. మొదటి రెండూ తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చొనే జాన్ సాహెబ్ గారు రాసిపెట్టారు. ఆయన చక్కగా రాశారు. అన్నీ చట్టం మాటలే. ఇంటికి తెచ్చి చదువుకొంటే అది ఎవరో వేరేవాళ్ల కొడుకు సంగతిలాగా అనిపించింది. శ్రీహరి పేరు ముందు ‘చి.’ అని నేను చెబితే, పోయినవాళ్లకు అది రాయరమ్మా అని మెల్లగా కొట్టేశారు. ఇందులో నేను మళ్లీ రాశాను. తప్పులుంటే మన్నించాలి. నంబర్లు వేసి రాయాలన్నారు కాబట్టి వేస్తున్నాను.

1. నా కుమారుడు డిగ్రీ చదివినాడు. వయసు 26. వాని వృత్తి కొట్లను ఫోనులో పైకి తెచ్చుట. తమరికి తెలిసే ఉంటుంది, అయినా వాడు నాకు చెప్పినట్టే చెబుతాను. ఎవరైనా ఫోనులో దగ్గర్లో మిక్సీ రిపేరు అని అడిగితే ఇరవై కొట్ల పేర్లు వస్తాయి. జనం మొదటి మూడే చూస్తారు. నాలుగోవాడు ఎంత పనిమంతుడైనా లేనట్టే లెక్క. ఆ నాలుగోవాడిని ముందుకు తెచ్చేది మావాడి పని. దాచేపల్లిలో టైర్ల కొట్టు, గురజాలలో పళ్ల డాక్టరు, మాచర్లలో టెంటు సామాన్లవాళ్లు, అందరినీ వాడే ఎక్కించాడు. దొంగ పొగడ్తలు రాయించేవాడు కాదు. కొట్టుకు వచ్చినవాళ్లనే ఆపి, నువ్వు ఫోన్లో ఏమని అడిగి వచ్చావన్నా అని అడిగి, వాళ్లు చెప్పిన మాటను చెప్పినట్టే నోటు పుస్తకంలో రాసుకొనేవాడు. మనం అమ్మేదానికి మనం పెట్టుకొన్న పేరు పనికిరాదట. కొనేవాడి నోట్లో ఉన్న మాట కావాలట. వారానికొకసారి కొత్త ఫొటోలు పెట్టేవాడు. ఎవరైనా మంచో చెడో రాస్తే ఆ రోజే జవాబు ఇప్పించేవాడు. ఆ పుస్తకం నా దగ్గర ఉంది.

2. నేను ఇంట్లోనే మెస్సు నడిపేదానను. మా ఇల్లు మెయిన్ రోడ్డుకు అర కిలోమీటరు లోపల, సందులో ఉంది. సిమెంటు ఫ్యాక్టరీ లారీలవాళ్లలో తెలిసినవాళ్లే వచ్చేవారు. ఒకరోజు నేను వాడిని ఎత్తిపొడిచాను. “ఊళ్లో అందరి కొట్లూ ఫోన్లోకెక్కించావు. నీ తల్లి పొయ్యి మాత్రం ఎవురికీ కనపడదేందిరా” అన్నాను. వాడు నవ్వి, నీది కొంచెం కష్టంలేమా, లోపలుంది గదా అన్నాడు. అన్నాడే గాని ఆ సాయంత్రమే కూర్చున్నాడు. ‘కోటేశ్వరమ్మ నాటుకోడి భోజనం, లారీ పార్కింగ్’ అని పేరు పెట్టాడు. మనకు పార్కింగు ఎక్కడుందిరా అంటే, డ్రైవర్లు అడిగేది అదేనమా అన్నాడు. ఆ తర్వాత మ్యాపులో మా ఇంటి మీద ఉన్న ఎర్ర గుర్తును వేలితో పట్టుకొని జరుపుకొంటూ పోయి, రోడ్డు మీద కల్వర్టు మలుపులో పెట్టాడు. అక్కడ ముళ్లచెట్లు తప్ప ఏమీ లేవు.

ఇల్లు ఇక్కడుంటే గుర్తు అక్కడ పెడతావేంది అని నేను అడిగిన మాట నిజం. “రోడ్డు మీదుంటేనే రోడ్డున పొయ్యేవాడికి ముందు చూపిద్దమా. లోపలుంటే అడుక్కు పోద్ది. వాళ్లు అక్కడ ఆగి ఫోన్ చేస్తారు, నేను పోయి పిలుచుకొస్తా” అన్నాడు. ఒక్కసారే అడిగాను. మళ్లీ అడగలేదు. ముప్పై మంది తినేచోట తొంభై మంది తినేవారు. నేను సంతోషపడ్డాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

3. ది. 19-3-2025 మధ్యాహ్నం ఒంటిగంటంబావుకు వాడు అన్నానికి కూర్చొన్నాడు. నాలుగు ముద్దలు తినకముందే ఫోను మోగింది. హోటలు ఇక్కడుందని చూపిస్తోంది, ఏమీ లేదేందయ్యా అని డ్రైవరు అరుస్తున్నాడు. వాడు లేచాడు. తిని పోరా అన్నాను. “రోడ్డు మీదే ఆపాడమా, మలుపులో వెనక బండ్లకి కనపడదు” అంటూ చెయ్యి కడుక్కోకుండానే బండి తీశాడు. అంటే వాడికి ప్రమాదం తెలుసు. వాడు అక్కడ నిలబడి ఆ లారీని ముందుకు పొమ్మని చెయ్యి ఊపుతున్నాడట. వెనక వచ్చిన ఇంకో లారీ ఆగి ఉన్న బండిని చూసి పక్కకు తిప్పింది. ఆ పక్కన వాడున్నాడు.

ఎవరి తప్పో ఈ అర్జీలో నేను అడగడం లేదు. ఆ గుర్తు పెట్టినవాడు నా కొడుకు. పెట్టేదాకా పొడిచింది నేను.

4. కేసులో ఫోను కాల్ సంగతి ఉన్నందున వాడి ఫోనును స్టేషన్లో సీలు వేసి ఉంచారు. అది న్యాయమే. అయితే ఆ గుర్తు ఇంకా మలుపులోనే ఉంది. దాన్ని కదపాలంటే వాడి నంబరుకు ఒక కోడు వస్తుందట. అది చూసి కొడితేగాని లోపలికి పోనివ్వదట. పాస్‌వర్డు పుస్తకంలో ఉంది, కోడు మాత్రం ఆ సిమ్ముకే వస్తుంది. దాచేపల్లిలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే షాకిర్, మావాడి స్నేహితుడు, ఇక్కడ ఏ హోటలూ లేదని తన ఫోను నుంచి పదకొండుసార్లు మ్యాపువాళ్లకు పెట్టాడు. నాలుగు వందల మంది బాగుందని రాసిన చోటు లేకుండా ఎలా పోతుందని వాళ్లు ఒప్పుకోలేదు. “పిన్నీ, హరిగాడు దాన్ని చానా గట్టిగా నిలబెట్టాడు. నావల్ల కావట్లేదు” అని షాకిర్ ఏడ్చాడు.

అదే నంబరుకు ఇంకొక సిమ్ము తీసుకొందామంటే వాడే వచ్చి వేలిముద్ర వెయ్యాలన్నారు. చనిపోయాడని చెబితే నంబరు ఆపేస్తారట. అందుకని ఆ కంపెనీవాళ్లకు నేను చెప్పలేదు. నెలనెలా రీచార్జి చేయిస్తున్నాను. మీ పెట్టెలో తాళం వేసి ఉన్న ఫోనుకు ఈ నెల కూడా చేయించాను. ఇది నేరమైతే క్షమించవలెను.

5. లారీలు ఇంకా వస్తున్నాయి. మెస్సు మూసేశానని వాళ్లకు తెలియదు. మలుపులోకి వచ్చి, గుర్తు చూసి, ఠక్కున బ్రేకు వేస్తారు. పోయిన నెలలో బడిపిల్లల ఆటో ఒకటి వెనక నుంచి వచ్చి, జానెడు దూరంలో ఆగింది. అందులో తొమ్మిది మంది పిల్లలున్నారు. అప్పటినుంచి రోజూ పన్నెండు మొదలు మూడు దాకా నేను పాత ఎర్ర చీర ముక్క పట్టుకొని కల్వర్టు మీద నిలబడుతున్నాను. ఊళ్లో నాకు మతి పోయిందని అనుకొంటున్నారు. రోజంతా నిలబడలేను. నేను లేని గంటలో ఇంకొక తల్లి కొడుకు పోతే ఆ గుర్తు మాదే అవుతుంది.

6. ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. రాస్తే అర్జీ పక్కన పడేస్తారని జాన్ సాహెబ్ గారు ముందు రెండిట్లోనూ రాయలేదు. రాయకపోతే అర్జీ అబద్ధమవుతుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం జ్ఞానయ్య అను లారీ డ్రైవరు మా గుమ్మంలోకి వచ్చి భోజనం ఉందా అని అడిగాడు. అంతకుముందు మా ఇల్లు ఎరగడు. మూసేశాం నాయనా, ఎవరు చెప్పారు అన్నాను.

“మీవాడేగా పిలుచుకొచ్చింది. బండి మలుపులో వద్దన్నా, కల్వర్టు దాటించి పెట్టు అన్నాడు. సందు మొదటిదాకా ముందు నడిచాడు.”

ఎవరు, ఎట్లా ఉన్నాడు అన్నాను.

“నీలం చొక్కా. చెయ్యంతా అన్నం ఎండిపోయి ఉందమ్మా. తింటా తింటా లేచొచ్చినట్టున్నాడు.”

అన్నం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. పంచనామాలో కూడా లేదు, షాకిర్‌తో చదివించి చూసుకొన్నాను. ఆ రోజు పొయ్యి వెలిగించి జ్ఞానయ్యకు పప్పన్నం పెట్టాను. సందు మొదటికి పరుగెత్తి చూశాను. ఎవరూ లేరు.

తర్వాత ఇంకా ఇద్దరు డ్రైవర్లు అట్లాగే వచ్చారు. కొందరు ఇంటిదాకా రాకుండానే ఫోనులో రాసి పోయారు. జూలై 8: ‘చూపించిన చోట హోటల్ లేదు కానీ ఒక కుర్రాడు దారి చెప్పాడు, మర్యాదస్తుడు.’ సెప్టెంబరు 2: ‘బండి మలుపు దాటి పెట్టించాడు, మంచి అబ్బాయి, ఎండలో నిలబడ్డాడు పాపం.’ తేదీలు తమరు చూసుకొనవచ్చును. రాసినదానికి ఆ రోజే జవాబు ఇవ్వాలని వాడు నేర్పాడు. జవాబు ఇవ్వాలన్నా ఆ కోడే కావాలి. ఇవ్వలేకపోయాను.

రోజూ ఆ మలుపులో నిలబడుతున్నాను కదా. నాకు మాత్రం ఒక్కసారీ కనపడలేదు.

7. స్టేషన్లో రైటరు గారిని అడిగితే, కేసు తేలేదాకా ఫోను కదిలించకూడదమ్మా అన్నారు. ఆయన మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పారు. నేను ఫోను ఇవ్వమనడం లేదు. తమరి సమక్షంలోనో, కోర్టువారి ఉత్తర్వు తెప్పించో, రైటరు గారి ఎదుట సిమ్ము తీసి షాకిర్ ఫోనులో పెట్టించి, కోడు వచ్చాక మళ్లీ తీసి సీలు వేసుకొనవలెను. కోడు పది నిమిషాలే పనిచేస్తుందట. పది నిమిషాలు చాలు. కేసుకు ఏ లోటూ రాదు. ఫోనులో ఉన్న వాడి ఫొటోలు, వాడి గొంతు నేను అడగడం లేదు. అవి చెరిగిపోకుండా ఉంటే అంతే చాలు.

కావున ఈ తల్లి మొర తమరు చిత్తగించవలెనని, చిత్తగించి ఇంకొక లారీ ఆ మలుపులో ఆగకమునుపే ఉత్తర్వు ఇప్పించవలెనని చేతులు జోడించి వేడుకొంటున్నాను.

తమ విధేయురాలు,
కోటేశ్వరమ్మ
(సంతకము నాదే)

మళ్లీ రాస్తున్నది: అయ్యా, పైన విషయం దగ్గర గుర్తు తొలగించుట అని ఉంది. అది పాత అర్జీలో చూసి రాసింది. కొట్టివేతలుంటే తీసుకోరన్నారు కాబట్టి కొట్టలేదు. తొలగించవద్దు. వాడు పట్టుకొని జరిపినట్టే మలుపులో నుంచి వెనక్కి జరిపించి మా గుమ్మం మీద పెట్టించండి. వచ్చే లారీలకు అన్నం పెట్టుకొంటాను, రోడ్డు మీద ఎవరూ ఆగరు.

వాడు వచ్చినవాళ్లందరినీ సందు మొదటిదాకా తెచ్చి, మళ్లీ మలుపుకే పోతున్నాడు, గుర్తు అక్కడుంది కాబట్టి. అది గుమ్మం మీద ఉంటే వాడు గుమ్మందాకా రావాల్సిందే కదా. ఏడు నెలల నుంచి చెయ్యి కడుక్కోకుండా ఎండలో ఉన్నాడు.

ఏ రోజు సిమ్ము తీసేదీ ఒక పూట ముందుగా కబురు చేయించండి. అన్నం వండుకోవాలి.