తమ్ముడి కారుకు హారతి

మునిర్కా, ఢిల్లీ

చిరంజీవి సూరిబాబుకు అక్క దీవెనలు.

మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వూ, మరదలు సత్యవతీ ఎలా ఉన్నారు? బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నావా? కంటి చుక్కలు ఎవరు వేస్తున్నారు? మరదలి చెయ్యి వణుకుతుంది, పక్కింటి వాళ్ళ చేత వేయించుకో. ఫోనులో అడుగుదామంటే మురళి సెల్లు బిల్లు పరుగెడుతుందని నాకు భయం. అడగాల్సినవన్నీ మరిచిపోయి, బాగున్నావా, బాగున్నాను అని పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను.

ఈ ఉత్తరంతో పాటు ఒక డబ్బా వస్తుంది. మురళి ఆఫీసులో ఒకాయన సెలవు మీద ఊరికి వస్తూ తెస్తున్నాడు. ఆయనకు కాఫీ ఇవ్వండి, ఉత్త చేతులతో పంపకండి. డబ్బా మాత్రం అప్పుడే విప్పకు. ముందు ఇది చదివించుకో. నా మీద ఒట్టు.

ఇక్కడ ఎండ తగ్గింది. పొద్దున్నే చలిగాలి మొదలైంది. ముందు ముందు నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయంటున్నారు, ఎలా గడుస్తుందో ఏమో. మేడ మీద రెండు గదులు. మెట్లు నిటారుగా ఉంటాయి, దిగాలంటే గుండె దడ. కిందకి బుట్ట వదిలితే కూరలవాడు వేసి పంపుతాడు. నన్ను అమ్మాజీ అంటాడు. గోంగూర లేదు గానీ మెంతికూర కుప్పలు కుప్పలు. మధ్యాహ్నాలు తోచదు. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ తప్ప ఏమీ కనపడదు. నాకు దిగులేమీ లేదు, నువ్వు బెంగపడకు.

అసలు సంగతికి వస్తాను.

నీ చూపు మందగించి, డాక్టరు ఇక బండి తోలొద్దంటే అంబాసిడర్ అమ్మేశావు కదా. అయినా పొద్దున్నే ఖాళీ షెడ్డు ఊడుస్తున్నావని మరదలు ఫోనులో చెప్పింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి మురళికి ఒకటే ఆలోచన. మావయ్య కారు చిన్నది చేసి పంపుతానన్నాడు. జానెడు కారు.

"కొనరాదుట్రా?" అన్నాను.

"బజార్లో దొరికేది ఎవరి కారో అమ్మా. మావయ్యది కాదుగా" అన్నాడు.

వేసవి నుంచీ ఆదివారాలన్నీ దానికే. దుకాణాల మీద బోర్డులు చేసేవాళ్ళ దగ్గర తెల్లటి ప్లాస్టిక్ షీటు తెచ్చాడు. నువ్వు కారు పక్కన నిలబడ్డ ఫోటో ముందు పెట్టుకుని, స్కేలుతో కొలిచి, బ్లేడుతో కోసి అతికించేవాడు. ఉప్పుకాగితంతో రుద్దుతుంటే ఇల్లంతా పిండి మర ఆడించినట్టు తెల్లటి ధూళి. కోడలు లత ఒక్క మాట అనకుండా తుడిచేది. ముందు దీపాలకు అద్దాలేమిటో తెలుసా? నా బీపీ మాత్రల అట్ట మీద బుడిపెలు! సీట్లకు నా పాత నీలం రవిక గుడ్డ. పెళ్ళివారి సామాన్లకని నువ్వు టాపు మీద వేయించిన క్యారియర్ కూడా సన్నటి తీగతో అల్లాడు.

"వేరే బండి నుంచి తెచ్చి వేయించిన తలుపు ఏదమ్మా?" అని అడిగాడు. ఎడమచేతి వైపు వెనక తలుపు, నలుపు కాస్త వెలిసినట్టుంటుందని చెప్పాను. అలాగే రంగు వేశాడు. ఆ తర్వాత నాకు నిద్ర లేదు. కుడివైపా ఏమిటి? తప్పు చెప్పి ఉంటే నన్ను తిట్టు, వాణ్ణి అనకు.

టాపు గుండ్రంగా వంగాలి కదా. చెక్కతో అచ్చు చెక్కి, షీటును సలసల కాగే నీళ్ళలో ముంచి, మెత్తబడగానే అచ్చు మీద నొక్కాడు. ఆ నీళ్ళు కాచి ఇచ్చింది నేనే. వేడి తగిలితే అది మెత్తబడుతుందని నాకు తెలుసు తమ్ముడూ. తెలియక చేశానని అనడానికి కూడా లేదు.

దసరా నాటికి బండి తయారైంది. నిగనిగలాడుతోంది. మురళీ, లతా వాళ్ళ ఆఫీసు వాళ్ళింటికి వెళ్ళారు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. దసరా పూట నీ బండి పూజ లేకుండా ఎప్పుడన్నా ఉందా? నువ్వు కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి గానీ కాఫీ కూడా ముట్టేవాడివి కాదు. ఇదీ నీ బండే కదా, పూజ లేకుండా అంత దూరం పంపితే దారిలో ఏమవుతుందో, అందుకున్న నీకు ఏమవుతుందో అని నా మనసు పీకింది. నా సంగతి నీకు తెలుసుగా.

బానెట్ మీద కుంకుమ పెట్టాను. నిమ్మకాయలు పెడదామంటే ఒక్కోటి చక్రం కన్నా పెద్దది. అందుకని నాలుగు పచ్చి బఠాణీలు వొలిచి, కుంకుమ అద్ది చక్రాల కింద పెట్టాను. కర్పూరం వెలిగించి మూడుసార్లు తిప్పాను. నువ్వు హారతి పళ్ళెం బానెట్ మీద పెడితే అందరూ కళ్ళకద్దుకునేవాళ్ళు కదా. దీని బానెట్ ఏటవాలు, పళ్ళెం జారుతోంది. క్యారియర్ మీద పెట్టాను. పెట్టి కళ్ళు మూసుకున్నాను. నీ కళ్ళు చల్లగా ఉండాలని మొక్కుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి టాపు తడిసిన అప్పడంలా కుంగిపోయింది. క్యారియర్ కాళ్ళు లోపలికి దిగబడ్డాయి.

పళ్ళెం తీసేసి వంటింట్లోకి పారిపోయాను. అంతే. బఠాణీలు తీయాలన్న ధ్యాస కూడా లేదు.

లత ముందు వచ్చింది. స్కూటర్ పెట్టి మురళి వెనకాల వచ్చాడు. నేను పులిహోర కలుపుతున్నాను.

"లతా! ఇస్త్రీ పెట్టె ఇక్కడ పెట్టావా?"

"పొద్దున మీ చొక్కా ఇక్కడే చేశాను. పక్కకి జరిపాననుకున్నాను."

"అనుకున్నావా! ఇల్లంతా వదిలేసి ఈ బల్లే దొరికిందా నీకు? మావయ్యకిప్పుడు ఏం పంపను?"

"తప్పయిపోయిందండీ" అంది లత.

అప్పుడు నేనేం చేశానో విను. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి, "పోనీలేరా, పండగ పూట పిల్లనేమీ అనకు" అన్నాను. ఎంత మంచి అత్తగారో అన్నట్టు! ఆ పిల్ల పులిహోర విస్తట్లో పెట్టుకుని కెలికి లేచిపోయింది. నేను మాత్రం తిన్నాను. తినకపోతే అనుమానం వస్తుందని తిన్నాను.

అప్పటి నుంచీ చెబుదామని దగ్గరకు వెళతాను, "ఏం కావాలి అత్తయ్యగారూ?" అంటుంది, "మంచినీళ్ళు" అంటాను. ఎన్ని మంచినీళ్ళు తాగానో.

వేరే దారి లేక మురళి ఆ కుంగిన కారునే నీకు పంపుతానన్నాడు. నీకైనా చెప్పుకుంటే బరువు తగ్గుతుందని ఇంతవరకూ రాశాను. తగ్గలేదు. చెప్పాల్సింది నీకు కాదు. లత అవతల మెంతికూర వలుస్తోంది. ఉండు, వస్తాను.

చెప్పి వచ్చాను. సాయంత్రమైంది. ఏం జరిగిందో రాస్తాను.

పక్కన కూచుని కట్ట చేతిలోకి తీసుకుని, "ఆ కారు పాడు చేసింది నేనేనే" అన్నాను. ఆకులు వలుస్తూనే ఉంది.

"బఠాణీలు దొరికాయి అత్తయ్యగారూ" అంది.

నా చేతిలో కట్ట జారిపోయింది.

"కుంకుమ పూసుకుని నాలుగూ చక్రాల కింద ముత్తయిదువుల్లా కూచున్నాయి. గది నిండా కర్పూరం వాసన. ఆయన మెట్లెక్కేలోపు బానెట్ తుడిచేసి, బఠాణీలు కొంగున వేసుకున్నాను."

"మరి నీ మీద ఎందుకేసుకున్నావే తల్లీ?"

"నన్నయితే అరిచి సాయంత్రానికి మళ్ళీ టీ అడుగుతారు. మిమ్మల్ని ఒక్క మాటంటే మీరు మర్నాడే మీ తమ్ముడి దగ్గరకు పెట్టె సర్దేస్తారు. మాకు తెలియదా ఏమిటి?" అని నవ్వింది. నేనూ నవ్వబోయాను.

"కానీ అత్తయ్యగారూ, పోనీలేరా అన్నారు చూడండి..." అని ఆగిపోయింది. తల వంచుకుని ఆకులు వలుచుకుంది. మిగతాది అనలేదు. అనేసి ఉంటే బాగుండేది సూరిబాబూ. ఆ అనని మాటే నన్ను తినేస్తోంది.

మురళి రాగానే వాడికీ చెప్పాను. వాడు లత వైపు తిరిగి, "నువ్వైనా చెప్పొచ్చుగా" అన్నాడు.

"మీరు అడిగారా? ఇస్త్రీ పెట్టె అని మీరే తేల్చేశారుగా" అంది. వాడు తల గోక్కున్నాడు. ఇద్దరం దోషులం దాని ముందు నిలబడ్డాం.

కాసేపటికి "నీళ్ళు కాయమ్మా" అన్నాడు.

ఆ పూట ఉత్తరం అక్కడితో ఆపాను. నిన్న ఆదివారం కొత్త టాపు వేశాడు. చక్కగా కుదిరింది, అతుకు కనపడదు. చివర్లో ఎర్ర రంగు డబ్బా, అగ్గిపుల్లా నా చేతికిచ్చి, "నువ్వు పెట్టిన బొట్టు చెరిగిపోయిందిగా, చెరగనిది పెట్టు" అన్నాడు. నా చెయ్యి ఆగలేదు. పక్క నుంచి లత నా మణికట్టు పట్టుకుంది. పుల్ల నా చేతిలో ఉందన్న మాటే గానీ బొట్టు పెట్టింది అదే. అయినా కాస్త వంకర పోయింది, నవ్వకు.

ఇక డబ్బా విప్పు. కళ్ళకు ఆనకపోతే వేళ్ళతో తడిమి చూసుకో. వెనక తలుపు ఎటువైపో నిజం రాయించు. పూజ చేయాలనిపిస్తే ఉత్త దండం పెట్టు. కర్పూరం మాత్రం దాని దరిదాపులకు రానివ్వకు.

ఒక్క కోరిక. నువ్వెప్పుడూ ఉత్తరం నాకు రాయించి, మధ్యలో మురళిని మెచ్చుకుని, అడుగున ఖాళీ ఉంటే "లతను అడిగానని చెప్పు" అని రాయిస్తావు. నేనూ అలాగే చదివి వినిపిస్తాను. ఈసారి ఉత్తరం లతకే రాయించు, కవరు మీద కూడా దాని పేరే ఉండాలి. కారు అందిందని దానికే చెప్పు. దాని ఉత్తరం అది విప్పి, నాకు చదివి వినిపిస్తే వింటాను, లేకపోతే లేదు.

పెద్ద పిన్నిగారికి నా నమస్కారాలు. మా ఇంటిల్లిపాదికీ ఆవిడ దీవెనలు కావాలని అడిగానని చెప్పు. మరదలికి ఆశీస్సులు. వీధిలోకి ఒంటరిగా వెళ్ళకు, లారీలు చూసుకో.

ఎప్పుడూ నీ మేలు కోరే
అక్క మహాలక్ష్మి