ఏడంగుళాల దూరం

వదినా,

క్షేమంగా దిగాను, కుట్టు పనిలో చేరిపోయాను, బెంగ పెట్టుకోకు.

పిల్లల ప్రపంచపటం మీద టేపు పెట్టి నువ్వేమన్నావు? "ఏడంగుళాలే. అంగుళానికి ఆరువందల కిలోమీటర్లు. విమానం గంటకు ఎనిమిది వందలు పోతుందట. అయిదుంబావు గంటల్లో దిగుతావు పో" అన్నావు. పదింటికి ఎక్కాను. దిగి చూస్తే గోడ గడియారంలో పావుతక్కువ ఆరు! జాకెట్ల కొలతలూ ఇలాగే తీస్తావు కాబోలని నిన్ను తిట్టుకున్నాను కూడా. విమానం ఆలస్యమైందా అని పాస్‌పోర్టు చూసే ఆయన్ని అడిగాను. "లేదమ్మా, మా గడియారం మీకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది" అని నవ్వాడు. నా చేతి గడియారంలో సరిగ్గా మూడుంబావు. నీ లెక్క నూలుపోగంత కూడా తప్పలేదు. అక్కడే లెంపలేసుకున్నాను.

పెద్ద కత్తెర సాన పట్టించావా? టీచరమ్మ జాకెట్టుకు హుక్కులు కుట్టడం మరిచాను, నువ్వు కుట్టి ఇచ్చెయ్యి. చంటిదానికి జలుబు తగ్గిందా?

అన్నట్టు, టేపు కోసం ఇల్లంతా వెతక్కు. అది నా మెడలోనే ఉంది. విమానంలో పక్క సీటు పెద్దావిడ, "అమ్మాయ్, నాకూ కొలతలు తీస్తావా?" అని అడిగేదాకా నేనూ చూసుకోలేదు. ఈ కార్డు చేరడానికి పది రోజులు పడుతుందట. టేపు ఎక్కడ పారేశావంటూ ఈ పది రోజులూ అన్నయ్యను ఎంత సాధించి ఉంటావో! నేను బయల్దేరే రోజు పటం కొలిచి, అలవాటుకొద్దీ దాన్ని నా మెడలో వేసింది నువ్వే వదినా. ముందు అన్నయ్యకు నీ క్షమాపణ చెప్పు, తర్వాత నా నమస్కారం చెబుదువుగాని.

నీ ఆడపడుచు